కాజాలు కుట్టే పిల్ల దాగలి

గొప్పలు చెప్పుకోవడం కాదు గానీ, నేను చెప్పే కథలో అబద్ధమనేది దీపం పెట్టి వెతికినా దొరకదు. అందులోనూ ఈ కథలో ఉన్న దాగలి అలాంటిలాంటి దాగలి కాదు. కమ్మరి కొలిమి పక్కన ఇనుప దిమ్మ ఉంటుంది చూడండి, ఎర్రగా కాలిన ఇనుమును పెట్టి సాగగొట్టేది, అదే దాగలి. ఈ దాగలి మీద ఒక్క దెబ్బ పడితే చాలు, ఊరవతల మేసే మేకలు మేత మాని తలలెత్తేవి. ఉయ్యాల్లో చంటిపిల్లలు నిద్రలోనే నవ్వేవాళ్ళు. ఇంతా చేసి దాన్ని తయారుచేసింది పేరుమోసిన మేస్త్రి కాదు. అప్పటిదాకా సూదీ కత్తెరా తప్ప మరో ఇనుప వస్తువు పట్టి ఎరగని ఒక ఆడపిల్ల.

ఆ పిల్లను బజారులో అందరూ అగ్గిపుల్ల అనేవాళ్ళు. సన్నగా, పొడుగ్గా, దువ్వెనకు లొంగని జుట్టుతో అచ్చం అలాగే ఉండేది. కోపమొస్తే భగ్గుమనేది కూడా. ఒక టైలరు కొట్లో చొక్కాలకు కాజాలు కుట్టడం ఆమె పని. తండ్రి కమ్మరి. మార్కెట్టు వెనక వరసలో చిట్టచివరి కొట్టు ఆయనది. ముందు గదిలో కొలిమి, వెనక గదిలో కాపురం. తల్లి ఎప్పుడో పోయింది. తండ్రీ కూతుళ్ళే ఒకరికొకరు.

ఒకనాడు పని మధ్యలో తండ్రి చేతిలోంచి సుత్తి జారి పడింది. తీసుకుందామని వంగి ఆయనా పడ్డాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి కుడి చెయ్యి లేదు, కుడి కాలు లేదు, మాట లేదు. అంటే ఉన్నాయి, కాని పిలిస్తే పలకవు. వెనక గదిలో ఇనుప మంచం మీద పడుకోబెట్టారు.

ఆయనకో తమ్ముడున్నాడు. అగ్గిపుల్లకు బాబాయి. అన్న దగ్గర సమ్మెట వేయడమే బతుకంతా అతను చేసిన పని. ఇక్కడ కమ్మరి పని పద్ధతి ఒకటి చెప్పాలి, వినండి. ఎడమ చేత్తో పట్టకారు పట్టుకుని కాలిన ఇనుమును అటూ ఇటూ తిప్పేవాడు మేస్త్రి. అతని కుడి చేతిలో చిన్న సుత్తి ఉంటుంది. దాంతో ‘టక్’ మని తట్టి చోటు చూపిస్తాడు. ఎదురుగా నిలబడ్డ సమ్మెటవాడు మరుక్షణం ఆ చోటే దెబ్బ దించాలి. ఎందుకని అడగకూడదు. ఆలోచించకూడదు. ఆలోచించేలోగా ఇనుము చల్లారిపోతుంది. పట్టకారు పట్టిన చేతిదే కొట్టు. సమ్మెట ఎంత బరువైనా, అది ఎత్తేవాడు కూలీయే.

అన్న పడిపోయాక తమ్ముడు కొన్నాళ్ళు వచ్చి మంచం పక్కన కూర్చుని వెళ్ళాడు. తర్వాత ఒక రోజు తోపుడు బండితో వచ్చాడు. దాగలిని, సుత్తుల్ని, పట్టకార్లను, ఇనుము అరగదీసే ఆకురాళ్ళను వరసగా బండికెక్కించాడు. ఇవన్నీ మా నాన్న సంపాదించినవి, మీ నాన్న ఒక్కడివే కావు, ఇక్కడుంటే తుప్పు పట్టిపోతాయి అని అగ్గిపుల్లకు చెప్పాడు, ఆమె కళ్ళలోకి చూడకుండా. కొలిమి గోడలో కలిపి కట్టింది కాబట్టి మిగిలింది. గాలి ఊదే తోలు తిత్తి చిరుగులు పడింది కాబట్టి మిగిలింది. బండి గడప దాటేటప్పుడు దాగలికి ఏదో తగిలి ఖంగుమంది. మంచం మీదున్న తండ్రి ఆ మోత విని మొహం గోడవైపు తిప్పుకున్నాడు. మళ్ళీ ఇటు తిప్పలేదు. ముద్ద నోట్లో పెడితే ఒకటి మింగేవాడు, రెండోది పెదవి చివరి నుంచి జారిపోయేది.

అది చాలదన్నట్టు మార్కెట్టు సూపర్వైజరు వచ్చాడు. పొగ లేవని కమ్మరి కొట్టును ఖాళీగా ఉంచడం కుదరదన్నాడు. అడిగేవాళ్ళు ఉన్నారన్నాడు. ఆ అడిగేవాళ్ళు ఎవరో చెప్పలేదు గానీ, బాబాయి ఆ వారంలో రెండుసార్లు ఆఫీసు గుమ్మం దగ్గర కనిపించాడని బజారంతటికీ తెలుసు.

“నేను నడుపుతాను,” అంది అగ్గిపుల్ల. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనే ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది.

సూపర్వైజరు చెడ్డవాడు కాదు. నవ్వలేదు. ఆమె వేళ్ళవైపు చూశాడు, ఖాళీగా ఉన్న చోటువైపు చూశాడు.

“సరేనమ్మా. మార్కెట్టు పెద్ద గేటు గడియ విరిగింది. నెలాఖరుకి ఇనుము నేను తెస్తా. నా కళ్ళముందు గడియ చేసి పెట్టు, కొట్టు మీదే. కాకపోతే పనిముట్లన్నీ నీవై ఉండాలి. దాగలి కూడా. అరువు సామానుతో చేశావనుకో, కొట్టు వెనకనుంచి వేరేవాళ్ళు నడిపిస్తున్నట్టే లెక్క. అప్పుడు నా చేతుల్లో ఏమీ ఉండదు.”

కొట్టు పోతే వెనక గదీ పోతుంది. వెనక గది పోతే తండ్రి మంచం వేయడానికి ఈ భూమ్మీద మిగిలేది బాబాయి వసారా ఒక్కటే. ఆ వసారాకు ఎదురుగానే ఇప్పుడు దాగలి ఉంది. తన దాగలి మీద ఇంకొకరు కొడుతుంటే వింటూ, కదలలేక, మాట్లాడలేక పడుకుని ఉండాలి ఆయన. అగ్గిపుల్ల ఆ దృశ్యాన్ని ఒక్కసారే ఊహించుకుంది. రెండోసారి ఊహించుకునే ధైర్యం లేకపోయింది.

*

మర్నాడే తిత్తి చిరుగులు కుట్టుకుని పని మొదలుపెట్టింది. పెరట్లో పడున్న బండరాయిని దొర్లించుకొచ్చి, అదే దాగలి అనుకుని, మేకులు కొట్టే ఇంటి సుత్తితో ఒక కాలిన కమ్మీని కొట్టింది. కమ్మీ సాగలేదు గానీ రాయి పెచ్చు ఎగిరి కనుబొమ్మ చీల్చింది. ఒక చేత్తో రక్తం అదిమిపెట్టుకుని, రెండో చేత్తో ఇంకో దెబ్బ వేసింది. ఇంకో పెచ్చు ఎగిరింది.

పాత ఇనుము కొట్టు నడిపే ముసలాయనను అందరూ తుప్పు తాత అంటారు. ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడింది. చిరిగిన గోతాలూ, టార్పాలిన్లూ అన్నీ కుట్టిపెడతాను, బదులుగా ఇనుము ఇవ్వమంది.

“కాజాలు కుట్టేదానికి దాగలెందుకే? చొక్కాలకు ఇనుప బొత్తాలు పెడుతున్నారా ఈమధ్య?” అన్నాడు తుప్పు తాత. అన్నా, కుప్పవైపు చెయ్యి చూపించి ఏది కావాలో ఏరుకోమన్నాడు.

ఆమె కళ్ళు పాతకాలపు తూకపు గుండు మీద పడ్డాయి. గుమ్మడికాయంత ఉంది, నల్లగా నిగనిగలాడుతోంది. దాన్ని గోతంలో కట్టి, ఈడ్చుకుంటూ ఇల్లు చేరేసరికి నడుము విల్లులా వంగిపోయింది. ఆ రోజంతా కమ్మీలు కొట్టింది. బాగానే ఉందనుకుంది. మర్నాడు కాస్త బలంగా ఒకటి వేసేసరికి గుండు నిలువునా రెండు ముక్కలైంది. అది బీడు. పోతపోసిన ఇనుము. చూపులకు కొండ, దెబ్బకు మట్టికుండ. కమ్మరి ఇంట్లో పుట్టి ఆ మాత్రం తెలియదా అంటే, తండ్రి ఏనాడూ ఆమె చేత తిత్తి తప్ప ఇంకోటి పట్టించలేదు మరి.

అలాగని ఆగిపోవడానికి లేదు. చీలిన ముక్కనే మట్టిలో పాతి, పట్టకారు చేయడానికి పూనుకుంది. ఇక్కడే ఉంది అసలు తిరకాసు. పట్టకారు చేయాలంటే కాలిన ఇనుమును పట్టుకోవడానికి ముందు పట్టకారు ఉండాలి. ఆమె పొడవాటి కమ్మీలు రెండు తీసుకుంది. ఒక కొస కొలిమిలో పెట్టి, రెండో కొసకు తడిగుడ్డ చుట్టి పట్టుకుంది. గుడ్డ ఆరినప్పుడల్లా అరచెయ్యి చుర్రుమనేది. తిత్తి తొక్కడానికి ఒక కాలు, కమ్మీకి ఒక చెయ్యి, సుత్తికి ఒక చెయ్యి, చెమట తుడుచుకోవడానికి ఏమీ మిగల్లేదు. టైలరు కొట్లో సూది పట్టుకుంటే వేళ్ళ బొబ్బలు చితికి తెల్లచొక్కా మీద మరక పడింది. యజమానురాలు తిట్టలేదు. చేతులు నయమయ్యాక రమ్మంది. దాంతో ఆ ఆధారమూ పోయింది.

చివరికి పట్టకారు రెండు భాగాలూ తయారయ్యాయి. ఒక్కోదానికి ముక్కు, నడుము దగ్గర పలక, పలకలో చిల్లు, పొడవైన పిడి. చూడముచ్చటగా ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పెట్టి చిల్లుల్లో మేకు దూర్చింది.

ముక్కులు కలవలేదు. ఒకటి తూర్పు అంటే ఇంకోటి పడమర అంది. ఎటు తిప్పినా అంతే. ఒకటి బోర్లా వేస్తే పలకలు కలవవు, పలకలు కలిపితే ముక్కులు విడిపోతాయి.

చొక్కాకు ఎడమ ముందుపలక, కుడి ముందుపలక అని రెండుంటాయి. ఒకటి అద్దంలో రెండోదాని నీడలా ఉండాలి, అప్పుడే గుండీల దగ్గర కలుస్తాయి. ఆమె చేతికి ఏళ్ళతరబడి తెలిసిన సంగతి అది. అందుకని పట్టకారుకు కూడా ఒకటి ఎడమది, ఒకటి కుడిది చేసి పెట్టింది. ఇలాంటి తప్పు కమ్మరి చేయడు, దర్జీ చేయడు. కమ్మరి ఇంట్లో పుట్టి దర్జీ పని నేర్చిన పిల్ల ఒక్కతే చేయగలదు.

వెనక గదిలోకి వచ్చి నేల మీద చతికిలబడింది. రెండు ముక్కలూ ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ మళ్ళీ కలిపి చూసింది. కమ్మీలన్నీ వీటికే అయిపోయాయి. కుట్టడానికి తుప్పు తాత దగ్గర గోతాలూ అయిపోయాయి. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా ఒంట్లో కాస్త బలముండాలి కదా.

ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడుకు తండ్రి మెడ కదిలింది. ఎన్నాళ్ళ తర్వాతో మొహం ఇటు తిరిగింది. ఆమె ఒళ్ళో ఉన్న ఆ వింత జంటను చూశాడు. చూస్తూ చూస్తూ ఎడమవైపు పెదవి ఒక్కటీ పైకి లేచింది. గొంతులోంచి పాత తలుపు కిర్రుమన్నట్టు ఒక చప్పుడు. ఆయనకేదో అవుతోందని ఆమె కంగారుగా లేచింది. తీరా చూస్తే ఆయన నవ్వుతున్నాడు.

తర్వాత ఎడమ చెయ్యి చాచి, పక్కనున్న పళ్ళెంలోంచి చెంచా తీసుకుని గుండెల మీద పెట్టుకున్నాడు. రెండో చెంచా తీసి దాని పక్కనే అలాగే పెట్టాడు. రెండూ ఒకే రకం. ఎడమదీ లేదు, కుడిదీ లేదు. ఒకదాన్ని తిరగేసి రెండోదాని మీద అడ్డంగా వేశాడు. రెండు గుంటలూ ఒకదానికెదురుగా ఒకటి వచ్చి నోరు మూసుకున్నాయి.

అగ్గిపుల్ల చెంచాలు తీసుకుని తానూ ఒకసారి అలాగే తిరగేసి చూసుకుంది. తర్వాత లేచి కొలిమి అంటించింది. ఎడమదాన్ని కాల్చి, సరిచేసి, కుడిదాని కవల చేసింది. ఈసారి ముక్కులు కలిశాయి. కాస్త వంకర, కాస్త వదులు, పాలుతాగే పిల్లాడి చిగుళ్ళలా పట్టు. అయినా అది పట్టకారే.

*

తుప్పు తాత ఈసారి అడగకుండానే లారీ ఇరుసు ఒకటి చూపించాడు. మనిషి పొడవులో సగం ఉంది. ఒక కొసన చక్రానికి బిగించే పళ్ళెంలాంటి మందపాటి తల, దాని చుట్టూ బోల్టుల చిల్లులు. మంచి ఉక్కు. తల ఉన్న పొడుగు ముక్క దాగలికి, తోకవైపు చిన్న ముక్క సుత్తికి. రెండు ముక్కలుగా కోసిచ్చి, “కుట్టుకూలి తర్వాత చూద్దాం, ఫో,” అన్నాడు.

తాత కుప్పలోంచి ఏరిచ్చిన మొండి ఉలితో సుత్తికి పిడి దూర్చే చిల్లు పొడవడానికే ఆమె భుజాలు పడిపోయాయి. కాల్చడం, పొడవడం, చల్లారడం, మళ్ళీ కాల్చడం. చిల్లు కాస్త పక్కకు పోయింది. పోతే పోయిందనుకుంది. ఇక పదును పెట్టాలి, అంటే ఉక్కును గట్టిపరచాలి. ఎంత కాలిస్తే అంత గట్టి పడుతుందనుకుని, తెల్లగా మిరుమిట్లు గొలిపేదాకా కాల్చి, చన్నీళ్ళ బకెట్లో ముంచింది. నీళ్ళు బుసబుసమన్నాయి. ఆ బుసలోంచి సన్నగా, గాజు గ్లాసు చిట్లినట్టు, ‘టింగ్’ మంది.

తీసి చూస్తే సుత్తి మొహం మీద ఈ చెంపనుంచి ఆ చెంపదాకా వెంట్రుకవాసి గీత.

ఇంకో సుత్తి చేయాలంటే దాగలి ముక్కలోంచే కోయాలి. ఆ దాగలి పొట్టిదైపోతుంది. రెండోదీ పగిలితే ఇంకా పొట్టిది. నెలాఖరు చేరువలో పడింది. కంచంలో ఉన్నది తండ్రికి పెట్టి, గిన్నె కడిగిన నీళ్ళు తాను తాగుతోంది. అగ్గిపుల్ల బకెట్టు ఎత్తుకుంది. కొలిమి దగ్గరికి నడిచింది. ఒక్కసారి గుమ్మరిస్తే నిప్పు చస్తుంది, దాంతోపాటే ఈ పీడా విరగడవుతుంది. బాబాయి వసారా అయితే ఏం, నీడే కదా. మనుషులు అంతకంటే హీనంగా బతకడం లేదా?

వెనక గదిలో మంచం ఇనుప పట్టె మీద ఎవరో దబదబా కొట్టారు. ఎవరో ఏమిటి, ఉన్నది ఒక్కడే. వెళ్ళి చూస్తే తండ్రి చెయ్యి చాచి ఉన్నాడు. పగిలిన సుత్తి ఇమ్మని. ఇచ్చింది. ఆయన బొటనవేలితో ఆ గీతను తడిమాడు, దెబ్బ తగిలిన పిల్ల మోకాలు తడిమినట్టు. తర్వాత గూట్లో ఉన్న ఆమె దారపు రీళ్ళ డబ్బావైపు వేలు చూపించాడు.

“కాజాలే కుట్టుకోమంటావా నాన్నా? నావల్ల కాదని నువ్వు కూడా అనేస్తున్నావా?”

ఆయన తల అడ్డంగా ఊపబోయాడు. మెడ సగమే తిరిగింది. పట్టె మీద మళ్ళీ కొట్టాడు. ఆమె డబ్బా తెచ్చి మంచం మీద పెట్టింది. ఎడమ చేత్తో ఆయన దాన్ని బోర్లించాడు. రంగురంగుల రీళ్ళు దుప్పటి నిండా దొర్లాయి. తెల్లదాన్ని తీసి విసిరి అవతల పారేశాడు. పండిన మిరపకాయలాంటి ఎర్రరీలు ఏరి, కొలిమివైపు చూపించాడు. తర్వాత బకెట్టువైపు. ఆ తర్వాత రీళ్ళలో చాలాసేపు వెతికి, ఎండిన గడ్డిపరక రంగు రీలు ఒకటి ఏరి, పగిలిన సుత్తి మొహం మీద నిలబెట్టాడు. దానికి అటూ ఇటూ ఉన్న గోధుమరంగును, నీలాన్ని చేత్తో పక్కకు నెట్టేశాడు.

ఎర్రరీలు రంగుదాకానే కాల్చాలి, తెల్లబడనివ్వకూడదు. మొహం మాత్రం ముంచాలి. వెనక మిగిలిన వేడి మెల్లగా ముందుకు పాకుతుంటే ఉక్కు మీద రంగులు నడుస్తాయి. గడ్డిరంగు మొహం చేరగానే మొత్తం నీళ్ళలో వేసేయాలి. నోటితో చెబితే కూడా ఆమెకు ఇంత బాగా అర్థమయ్యేది కాదేమో. దారం రంగు గుడ్డ రంగుతో కలపడమే కదా ఇన్నేళ్ళూ చేసిన పని. రెండో సుత్తి చేసినప్పుడు రెండు రీళ్ళూ కొలిమి అంచున పెట్టుకుంది. ఎర్రదారం కొస కాస్త మాడింది. సుత్తి మాత్రం పగల్లేదు.

పగిలిన సుత్తిని తండ్రి తిరిగి ఇవ్వలేదు. తలగడ పక్కన పెట్టుకున్నాడు.

ఇక దాగలి. కొలిమి పక్కన గొయ్యి తవ్వి, ఇరుసును తల పైకి ఉండేలా నిలువునా పాతింది. చుట్టూ రాళ్ళూ, మట్టీ కూరి, ఎక్కి తొక్కింది. పళ్ళెం మొహాన్ని రాతితో రుద్దింది. రోజులకు రోజులు రుద్దింది. భుజం నొప్పితో చెయ్యి దువ్వెనదాకా కూడా లేచేది కాదు. చివరికి దాని మీద సుత్తితో ఒక దెబ్బ వేసింది.

‘దుబ్’ మంది.

మేకలు తలలెత్తాయన్నాను కదూ మొదట్లో. ఆ మేకల్ని తోలుకుపోతున్నాను, చంటిపిల్లల నవ్వు కూడా వాపసు తీసుకుంటున్నాను. ఆ దాగలి మోగనే లేదు. పరుపు మీద పనసకాయ పడ్డట్టు చప్పుడు చేసింది. పక్క కొట్టాయన కూడా తలెత్తి చూడలేదు.

“ఇది దాగలేనా నాన్నా?” అని అడిగింది. ఆయన ఎడమ అరచెయ్యి ఎత్తి, కాస్త అటూ కాస్త ఇటూ ఊపాడు.

గడువుకు ముందురోజు మధ్యాహ్నం బాబాయి వచ్చాడు. వేలి కణుపుతో పళ్ళెం మీద తట్టి చూశాడు.

“దాగలి కాదే ఇది, లారీకి సమాధి,” అన్నాడు. కానీ నవ్వు మొహానికి అంటలేదు. గుమ్మంలో కూర్చుని, వసారా కడిగించానని, అన్న మంచానికి చోటు చేశానని చెప్పాడు. పట్టుకెళ్ళిన దాగలి మీద అతను ఇంతవరకూ ఒక్క కొడవలైనా చేయలేకపోయాడని బజారులో అనుకుంటున్నారు. సమ్మెట ఎత్తడం తెలుసు గానీ, నిప్పులోంచి ఇనుము ఎప్పుడు తీయాలో అతను ఏనాడూ చూడలేదు. చూడాల్సిన పని అన్నయ్యది.

“ఒకళ్ళు తడితే కొట్టడమేనా జన్మంతా? ఒక్కసారైనా నేను పట్టకారు పట్టొద్దా చెప్పు,” అన్నాడు లేస్తూ. అతను అడిగినదాంట్లో తప్పు ఉందని ఆమెకు అనిపించలేదు. అందుకే ఇంకా భయమేసింది.

*

మర్నాడు సూపర్వైజరు గేటు గడియకు సరిపడే ఇనుప కడ్డీ తెచ్చాడు. రెండు బొటనవేళ్ళు కలిపినంత లావు. ఇన్నాళ్ళూ అగ్గిపుల్ల కొట్టింది వేలెడు లావు కమ్మీలను. సూపర్వైజరు ఆమె పట్టకారు చూశాడు, సుత్తి చూశాడు, ఉలి చూశాడు, పాతిన ఇరుసును కాలితో నెట్టి చూశాడు. అన్నీ నీవేనా అంటే నావే అంది. వీధిలో తోపుడు బండి ఆగి ఉంది. అసలు దాగలి దాని మీద మెరుస్తోంది. పక్కన బాబాయి, భుజాన సమ్మెటతో, కొట్టు ఖాళీ అయిన మరుక్షణం సామాను దించడానికి సిద్ధంగా ఉన్నాడు.

కడ్డీ ఎర్రబడింది. తీసి దాగలి మీద పెట్టి కొట్టింది. దుబ్. దుబ్. కొస చదును కావాలి, చిల్లు పడాలి, రెండో కొస వంగాలి. ఆమె దెబ్బలకు కడ్డీ మీద గుంటలు పడ్డాయి తప్ప అది సాగలేదు. చల్లారింది. మళ్ళీ కాల్చింది. మళ్ళీ కొట్టింది. పట్టకారు చిగుళ్ళు జారి కడ్డీ ఒకసారి కింద పడింది. మూడోసారి కాల్చేటప్పటికి బొగ్గులు అడుగంటాయి. ఇంకొక్క కాపుకు వస్తాయేమో. సూపర్వైజరు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడమే ఆమెకు తీర్పులా వినిపించింది.

చివరి బొగ్గులన్నీ ఊడ్చి కొలిమిలో వేసింది. తిత్తి తొక్కింది. కడ్డీ బయటికి తీసింది, పండిన మిరపకాయ రంగులో. సుత్తి ఎత్తబోతే చెయ్యి సగందాకా లేచి ఆగిపోయింది. ఇక లేవలేదు.

అప్పుడు వెనక గదిలోంచి వినిపించింది.

టక్.

మంచం పట్టె మీద పగిలిన సుత్తి. తర్వాత కాస్త ఎడం. సరిగ్గా ఒక సమ్మెట లేచి దిగేంత ఎడం. మళ్ళీ, టక్.

అగ్గిపుల్లకు ఆ తాళం పుట్టినప్పటినుంచీ తెలుసు. తిత్తి తొక్కుతూ విన్నది, జోలపాటలా విన్నది. ఆలోచించలేదు. బరువు ఎత్తలేని చేత్తో, సుత్తి మొనను ఊరికే కడ్డీ కొస మీద ఆనించింది, తండ్రి ‘టక్’ తో పాటే. ఇక్కడ అన్నట్టు.

సమ్మెట దిగింది.

బాబాయి ఎప్పుడు గుమ్మం దాటాడో, ఎప్పుడు దాగలికి ఎదురుగా కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడో ఎవరూ చూడలేదు. అతనే చూసుకోలేదు. తట్టిన చోట దెబ్బ దించడం ఆ చేతులకు అలవాటు. ఆ చేతులు అతన్ని అడగలేదు. టక్, దుబ్. టక్, దుబ్. అప్పడాల కర్ర కింద పిండిముద్దలా కడ్డీ కొస పరుచుకుంది. ఆమె పట్టకారుతో తిప్పింది, బోల్టు చిల్లు మీదికి జరిపింది, సుత్తి వదిలి, చిల్లు పొడిచే ఉలి నిలబెట్టింది. సమ్మెట దిగింది. రెండో కొస ఇరుసు అంచున పెట్టి మళ్ళీ సుత్తితో తట్టింది. సమ్మెట దిగి కడ్డీ వంగింది. ఎరుపు నలుపవుతుండగా ఆమె సుత్తితో వట్టి దాగలిని రెండుసార్లు తట్టింది, ఇక చాలన్న గుర్తు. వెనక గదిలో చప్పుడు ఆగింది. సమ్మెట గాల్లోనే ఆగింది.

బాబాయి గాల్లో ఉన్న తన చేతులను చూశాడు. వాటిని ఎవరో అతనికి తెలియకుండా అరువు తీసుకున్నట్టుంది ఆ చూపు.

సూపర్వైజరు గొంతు సవరించుకున్నాడు. ఇదేమిటి, కొట్టు అడిగినవాడు వచ్చి పనిచేశాడు, ఇప్పుడు ఈ కొట్టు ఎవరిదనుకోవాలి అని అడిగాడు. బాబాయి సమ్మెట కిందికి దించాడు. అవకాశం నోటిదాకా వచ్చి ఉంది. ఒక్క మాట అంటే చాలు. అతను వెనక గది తలుపువైపు చూశాడు, వీధిలో బండివైపు చూశాడు, అగ్గిపుల్ల ఎడమ చేతివైపు చూశాడు.

“పట్టకారు ఎవరి చేతిలో ఉందో చూడండి సార్. నేను కూలీ మనిషిని,” అన్నాడు.

కూలీ తన సమ్మెట తెచ్చుకోవడం అరువు కాదు, కొట్టు ఈ అమ్మాయిదే అన్నాడు సూపర్వైజరు. అయితే బండి మీది దాగలిని దించమంటారా అని అడిగాడు బాబాయి. అరువు సామాను కుదరదన్నాను కదా అన్నాడు సూపర్వైజరు. దాంతో ఖంగున మోగే ఆ మంచి దాగలి వచ్చిన దారినే వెనక్కి వెళ్ళింది. మర్నాడు పొద్దున బాబాయి బండి లేకుండా, సమ్మెట ఒక్కటే తెచ్చుకుని, లారీ సమాధి ముందు నిలబడ్డాడు. మధ్యమధ్యలో అగ్గిపుల్ల పట్టకారు అతని చేతికిచ్చి, ఎర్రరీలు చూపించి, ఇదిగో బాబాయ్, ఈ రంగు రాగానే తియ్యి అనేది. అతను విసుక్కుంటూనే చూసేవాడు.

తండ్రి చెయ్యీ కాలూ తిరిగి రాలేదు. మాటా రాలేదు. మంచం మాత్రం గోడనుంచి కొలిమివైపు తిరిగింది.

ఇందులో ఏది నిజమని అడుగుతారని తెలుసు. ఇరుసు నిజం, చెంచాలు నిజం, దారపు రీళ్ళు నిజం, బాబాయి చేతులు నిజం. దీపం ఆర్పేసి చెబుతున్నాను, ఒక్కటే నేను కల్పించింది. చొక్కా పలకల్లాంటి ఆ పట్టకారు చూసి తండ్రి నవ్వాడన్నానే, ఆ నవ్వు. ఆయన నవ్వలేదు. పెదవి కదపడమే ఆయనకు అప్పట్లో చేతకాలేదు. ఉత్త మొహంతో చెంచాలు తీసి చూపించాడు, అంతే. కానీ ఆ పిల్ల అన్నాళ్ళు ఒంటరిగా ఆ నిప్పు దగ్గర పడిన పాట్లు చెబుతూ చెబుతూ, మధ్యలో ఒక్కచోటైనా ఎవరో ఒకరు నవ్వకపోతే ముందుకు నడవడం నావల్ల కాలేదు.